ఇంటికి చేర్చే సంచి

రెంటచింతల,
29-7-1963

అన్నయ్యకు ఫిలోమినా నమస్కారాలు.

క్షేమం అని రాసే ధైర్యం ఇప్పటికి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం ఆలస్యం.

గుంటూరులో డాక్టరు గారికి ఆగ్నేసును చూపించి వస్తుంటే మా బండి సత్తెనపల్లి దాటాక ఆగిపోయిన సంగతి నీకు స్టేషన్లో తెలిసే ఉంటుంది. ముందు పోయిన గూడ్సు పట్టాలు తప్పిందన్నారు. ఇదిగో కదులుతుంది, అదిగో కదులుతుంది అంటూ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా దున్నిన చేల మధ్య నిలబెట్టేశారు. కనుచూపు మేరలో ఒక ఇల్లు లేదు, ఒక బడ్డీ కొట్టు లేదు.

ఆగ్నేసుకు పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసి బయల్దేరాను. ఆ మందు లోపల పడ్డాక వేళకు తిండి పడకపోతే ఒంట్లో ఉన్న చక్కెర కాస్తా హరించుకుపోతుంది. చక్కెర జబ్బంటే చక్కెర ఎక్కువ కావడమే అనుకుంటారు అందరూ. తక్కువైతే మనిషి గంటలో పోవచ్చని ఎవరికీ తెలియదు. పట్టుకెళ్ళిన రొట్టె గుంటూరులోనే అయిపోయింది. ఇంటికెళ్ళి పెడదాంలే అనుకున్నాను.

ముందు చెమటలు పోశాయి. ఉక్కకేమో అనుకున్నాను. తర్వాత పిల్ల నా ముఖంలోకి చూసి "ఎవురు నువ్వు?" అంది. అన్నయ్యా, పద్నాలుగేళ్ళ పిల్ల కన్నతల్లిని ఆ మాట అడిగితే ఎలా ఉంటుందో నేను రాయలేను. పెట్టె అంతా పరుగెత్తాను. "తీపి ఏదన్నా ఉందా? బెల్లం గానీ చక్కెర గానీ?" అని అరిచాను. ఒకావిడ కాళ్ళు పైకి ముడుచుకుని "అమ్మోరు పూనినట్టుంది, యాపమండలు తేవాల" అంది. మూలన కూర్చున్న మాచర్ల పెద్దాయన, పీర్ సాహెబ్ అంట ఆయన పేరు, మూట విప్పి మనవరాళ్ళ కోసం కొన్న పంచదార చిలకలు బయటికి తీశాడు. "తీస్కో బిడ్డా, నా మనవరాళ్ళు ఏమనుకోర్లే" అన్నాడు. ఒక చిలకను నలిపి, నీళ్ళతో తడిపి, పిల్ల బుగ్గ లోపల కొంచెం కొంచెంగా రుద్దాను. రెండో చిలక సగానికి వచ్చేసరికి "అమ్మా, ఎందుకు ఏడుస్తన్నావు?" అంది.

ఆ పెద్దాయన ఇంకో పెట్టె ఎక్కి ఉంటే? ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. ఇక మీదట నా పిల్ల ప్రాణం వేరే వాళ్ళ మూటలో ఉండటానికి వీల్లేదు. ఎక్కడ చిక్కుకుపోయినా దాన్ని ఇంటిదాకా తీసుకురాగలిగే సరంజామా అంతా ఒక సంచిలో పెట్టి, గడప దాటితే ఆ సంచితోనే దాటాలని నిర్ణయించుకున్నాను. మీ గార్డులు భుజాన వేసుకునే ఖాకీ సంచి లాంటిది ఒకటి, వెడల్పు మూతి ఫ్లాస్కు ఒకటి సంపాదించి పంపు.

ఇక్కడ అందరిదీ ఒకటే పాట. మా అత్త "ఆడపిల్లని ఊళ్ళెంట తిప్పటమేందమ్మా, ఇంటిపట్టున పడుంటే ఈ తిప్పలుండవుగా" అంటుంది. మా హెడ్మాస్టరు అమరేశ్వరరావు గారు అక్టోబరులో గుంటూరులో జరిగే డ్రాయింగు పరీక్షకు ఆగ్నేసును పంపనంటున్నారు. దారిలో ఏమైనా అయితే బాధ్యత ఎవరిదంటారు. నాదే అన్నాను. జబ్బు ఉంది కదాని పిల్లను మూలన కూర్చోబెట్టను అన్నయ్యా. ఆ జబ్బునే సంచిలో కట్టి, పిల్లను బయటికి తీసుకుపోతాను.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
ఫిలోమినా


నడికుడి,
7-8-1963

ఫిలోమినాకు అన్న జ్ఞానయ్య దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆ రోజు బండి ఆలస్యమని బోర్డు మీద నా చేత్తోనే రాశాను. లోపల నా మేనకోడలు అలా పడి ఉందని కలగన్నానా? పీర్ సాహెబ్ గారు ఎవరో గాని ఆయన కోసం ఆదివారం పూజలో కొవ్వొత్తి వెలిగించాను.

గార్డు ఐజాక్ పాత సంచి ఒకటి అడిగి తీసుకుని ఈ పార్సిల్లో పంపుతున్నాను. పట్టీ గట్టిది. ఫ్లాస్కు కోసం వెతకబోతుంటే మీ వదిన తనది ఇచ్చింది. తను ఎక్కడికీ వెళ్ళదు గనుక తనకు అక్కర్లేదంది.

అడిగినవి పంపాను. ఇప్పుడు నా మాట విను. టికెట్లు కోసే వాణ్ణి గనుక చెబుతున్నాను, ఏ బండి ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. సంచి ఉంటే మాత్రం పట్టాలు వాటంతట అవే అతుక్కుంటాయా? డ్రాయింగు పరీక్ష లేకపోతే ఆగ్నేసుకు వచ్చే నష్టం ఏమిటి? ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసుకోమను. రంగులు నేను కొనిస్తాను. జబ్బు మనిషిని నలుగురి మధ్యకు తీసుకుపోకూడదు. జబ్బు పెట్టే బాధ ఒక ఎత్తు, నలుగురూ గుమిగూడి చూడటం ఇంకో ఎత్తు. అది నీకు తెలియదు.

మా క్వార్టర్సులో కుళాయి మళ్ళీ చెడింది. కొత్త స్టేషన్ మాస్టరు గారికి మిరపకాయ బజ్జీలంటే ప్రాణం. తినగానే కడుపు పట్టుకుని నా కుర్చీలో వచ్చి కూర్చుంటారు.

బావకు, మరియమ్మ అత్తకు నా నమస్కారాలు.

జ్ఞానయ్య


రెంటచింతల,
19-8-1963

అన్నయ్యా,

సంచి అందింది. ఫ్లాస్కూ అందింది. నీ ఉపన్యాసం కూడా అందింది.

"నలుగురూ చూడటం" అని రాశావు. చూడనీ. చూస్తే ఏం పోతుంది? ఆ రోజు పెట్టెలో అంతమందీ చూశారు కాబట్టే చిలకలు దొరికాయి. పిల్లను దుప్పటి కప్పి దాచిపెట్టి ఉంటే ఈపాటికి దానికి సమాధి కట్టి ఉండేవాళ్ళం.

సంచి సర్దడం ఎంత పనో నీకు తెలియదు. రెంటచింతల ఎండలకు ఇన్సులిన్ బుడ్డి బయట పెడితే మందు చెడిపోతుంది. ఇంట్లో అయితే ఇసుకలో పాతిన కుండలో, తడి గోనె చుట్టి ఉంచుతాను. దారిలో ఎట్లా? వదిన ఫ్లాస్కులో చల్లటి కుండ నీళ్ళు పోసి, అందులో బుడ్డిని చిన్న సీసాలో బిగించి పెట్టి చూశాను. చెరువు గట్టు దాకా ఎండలో నడిచి వచ్చి మూత తీస్తే ఇంకా చల్లగానే ఉంది. గంతేశాను. పంతులమ్మ గంతేయడం చూసి గొడ్లకాడి వాళ్ళు నవ్వారు.

గాజు సిరంజి పగలకుండా పాత బనీను ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టాను. దాన్ని మరగబెట్టడానికి చిన్న స్పిరిట్ దీపం, గిన్నె. మూత్రంలో చక్కెర ఉందేమో పరీక్ష చేసే నీలం మందు, గాజు గొట్టం. ఆ గొట్టాన్ని దీపం మీద వేడి చేసినప్పుడు నీలంగానే ఉంటే మంచిది, ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఎక్కువైనట్టు. ఆగ్నేసుకు అది ఆట. "అమ్మా, ఇయ్యాల ఆకుపచ్చ, రేపు పసుప్పచ్చ" అంటూ తన రంగుల పెట్టెతో పోల్చుకుంటుంది. చక్కెర పొట్లాలు ఒకచోట పెట్టకుండా మూడు జేబుల్లో పెట్టాను, ఒకటి తడిసినా ఇంకోటి ఉండాలని. వేయించిన శనగలు, ఎండబెట్టిన జొన్నరొట్టె ముక్కలు, కాచిన నీళ్ళు. నాదొక చీర, దానిదొక గౌను. పిల్లకున్న జబ్బేమిటో, స్పృహ తప్పితే ఏం చేయాలో డాక్టరు గారు రాసిచ్చిన కాగితాన్ని మైనం గుడ్డలో కుట్టి పైన తగిలించాను. సంచి మూత మీద ఆగ్నేసు తెల్ల రంగుతో ఊరూ పేరూ రాసింది. గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది ఇప్పుడు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. నా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టమని చెప్పే మీ ఇంట్లో నుంచి వదిన మా ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయింది? ఆగ్నేసు మొదటి సత్ప్రసాదం పండక్కి రాలేదు. మా మామ పోతే రాలేదు. ఫ్లాస్కు పంపింది, మనిషి రాదు. రైల్వే క్వార్టర్సులో ఉండే ఆమెకు మా జొన్నరొట్టె ఇల్లు ఆనదేమో. అది చెప్పేస్తే సరిపోతుంది కదా, ఎందుకు ప్రతిసారీ "పని ఉంది" అని రాస్తావు?

ఫిలోమినా


నడికుడి,
8-9-1963

ఫిలోమినాకు,

ఏం విన్నాను నేను! మీ ఊరి ఏసయ్య నిన్న టికెట్టుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడి, నా వెనక పోర్టర్లు వింటుండగా చెప్పాడు. "మీ చెల్లెలు మూట గట్టి గుమ్మం కాడ పెట్టిందంట గదయ్యా, పిల్లదాన్ని తీసుకోని ఏ పొద్దో ఎల్లిపోద్దంట. దానయ్య బట్ట ఒక్కటి గూడా అందులో లేదంట" అన్నాడు. మిగతా ప్రయాణికులు చిల్లర కోసం అరుస్తున్నా నాకు వినపడలేదు.

సంచి, సంచి అని నువ్వు రాస్తుంటే నేను మందుల కోసం అనుకున్నాను. నా చేత్తో నేనే పంపాను! దానయ్య బావ నిన్ను ఏనాడైనా పల్లెత్తు మాట అన్నాడా? పట్టుదల ఉండవచ్చు. మొగుణ్ణి వదిలి పోయేంత పట్టుదల మన ఇంటా వంటా లేదు. నాన్న బతికి ఉంటే ఏమనేవాడు?

బావకు ఈ రోజే కార్డు రాశాను, తొందరపడవద్దని, నేను వచ్చి మాట్లాడతానని. నువ్వు ఆ సంచి మేకు మీది నుంచి తియ్యి.

మీ వదిన గురించి ఏమీ రాయకు.

జ్ఞానయ్య


రెంటచింతల,
16-9-1963

అన్నయ్యగారికి,

కార్డు! ఇలాంటి సంగతి కార్డు మీద రాస్తారా ఎవరైనా? కవరులో పెట్టాలని తోచలేదా? పోస్టు మనిషి దాన్ని టీ కొట్టు దగ్గరే చదివాడు. కార్డు మా ఇంటికి రాకముందే ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె నా చేతులు పట్టుకుని "ఏమ్మే ఫిలోమినా, పిలకాయ మొకం చూసి సర్దుకుపో" అంది. నేను అన్నం వారుస్తున్నాను. ఏం సర్దుకోవాలో నాకు అర్థం కాలేదు.

మీ బావ పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడే కార్డు చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ చదివి, దాన్ని చూరులో దోపాడు. కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ఎత్తలేదు. ఆయనను నువ్వు ఎరుగుదువు కదా, కోపమొస్తే అరవడు, మాట మానేస్తాడు. నేనూ మాట్లాడలేదు. నా మీద నమ్మకం లేకపోతే నేనెందుకు చెప్పుకోవాలని మొండికేశాను.

పొద్దున లేచి చూస్తే సంచి కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన తన చొక్కా, లుంగీ, గడ్డం గీసుకునే కత్తి. చొక్కాను ఉండలా చుట్టి సిరంజి డబ్బా మీద కుక్కుతున్నాడు.

"ఏందిది? సిరంజి పగులుద్ది!" అన్నాను.

"మందుల సంచి అన్నావు. నీ కోక ఉంది, బిడ్డ గౌను ఉంది. నా చొక్కా ఎందుకు లేదు?"

"నువ్వు గుంటూరు రావుగా. పొలం వదిలి ఎన్నడన్నా వచ్చావా?"

"ఇప్పుడొస్తన్నా. ఏడకి పోతావో నాకు తెలవదు. ఏడకి పోయినా వస్తా" అన్నాడు.

అన్నయ్యా, ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం మా పెళ్ళయ్యాక నేను వినలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కోపం మాత్రం ఎటు పోయిందో పోయింది. ఇది పోవడానికి కాదు, ఎక్కడికి పోయినా ఇంటికి తిరిగి రావడానికి కట్టిన సంచి అని ఒక్కో వస్తువూ తీసి చూపించాను. చీర ఎందుకంటే, బండి ఆగి ఒక పూట బయట గడిపితే కట్టుకోవడానికి అని చెప్పాను. అంతా విని "అట్లయితే నా చొక్కా ఉండాల్సిందే" అన్నాడు.

ఈలోగా మంచంలో నుంచి మా అత్త, "మీ ముగ్గురూ పోతే నాకు ఆయాసం వస్తే ఎవురు చూస్తారు? నా మాత్రలు గూడా పెట్టండి. నేనూ వస్తా గుంటూరు. కన్ను మూసేలోగా ఆ ఊరు చూడొద్దా?" అంది. పిల్లను ఊళ్ళెంట తిప్పొద్దన్నది ఈమే!

ఇప్పుడు సంచిలో ఆమె ఉబ్బసం మాత్రలు, ఛాతీకి రాసే తైలం, కప్పుకునే ఉన్ని గుడ్డ కూడా చేరాయి. మీ బావ ఖాకీ గుడ్డతో పక్కన ఇంకో జేబు కుట్టించుకొచ్చాడు. మేము నలుగురమూ కలిసే అక్టోబరులో పరీక్షకు వెళుతున్నాము. హెడ్మాస్టరు గారికి కాగితం రాసిచ్చాను.

సంచి మేకు మీదే ఉంది. తియ్యను.

ఫిలోమినా


నడికుడి,
27-9-1963

ఫిలోమినాకు,

బావ రాసిన రెండు ముక్కలు కూడా అందాయి. "సంచి మాదే. మేము నలుగురం." అంతే రాశాడు. ఏసయ్య ఈసారి కిటికీ దగ్గరకు వస్తే చిల్లర లేదని చెబుతాను.

నేను పొరబడ్డాను. అయినా ఇప్పటికీ చెబుతున్నాను, అక్టోబరు తుఫానుల నెల. మా లైనులో వాగుల మీద చిన్న వంతెనలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ముసలామెను, పిల్లను ఇద్దర్నీ బయల్దేరదీస్తున్నావు. నీ సంచి ఒకటి, జబ్బులు రెండు.

మీరు పోయే రోజు, వచ్చే రోజు ముందుగా రాయి. ఆ రోజుల్లో డ్యూటీ మార్చుకుని ఫోను దగ్గర ఉంటాను.

జ్ఞానయ్య


రెంటచింతల,
24-10-1963

అన్నయ్యకు,

చేరాము. అందరమూ.

పరీక్ష బాగా జరిగింది. ఒక ఇత్తడి చెంబు, రెండు వంకాయలు, ఒక మడత పెట్టిన గుడ్డ బల్ల మీద పెట్టి వేయమన్నారట. వంకాయ మీద మెరుపు పెట్టడానికి ఎంతసేపు పట్టిందో దారి పొడవునా చెప్పింది. మా అత్త గుంటూరు చూసి "ఇంతేనా?" అంది.

తిరుగు ప్రయాణంలో నువ్వు భయపడ్డట్టే అయింది. సత్తెనపల్లి దాటేసరికి వాన చీకట్లా కమ్మేసింది. ఒక చిన్న స్టేషన్లో బండి ఆపి, ముందు వాగు పట్టాల మీదుగా పారుతోంది, ఇక కదలదన్నారు. అందరం దిగి ఒక్క హాల్లో ఇరుక్కున్నాము. చిన్న పిల్లలు, కోడిపుంజుల గంపలు, తడిసిన మనుషుల వాసన. ఆ చెమ్మకూ ఇంజను పొగకూ మా అత్తకు ఆయాసం అందుకుంది. గోడకు చేరబడి కూర్చోబెట్టి, మాత్ర ఇచ్చి, ఛాతీకి తైలం రాస్తూ కూర్చున్నాను. పిల్లికూతలు పోతున్న ఆ ఛాతీ మీది నుంచి చెయ్యి తీయలేకపోయాను.

అప్పుడు వచ్చాడు స్టేషన్ మాస్టరు, టోపీలో నుంచి నీళ్ళు కారుతుండగా. "రెంటచింతల పంతులమ్మ ఎవరు? మీ అన్నగారు నడికుడి నుంచి ఫోనులో ఉన్నారు. పాపకు ఎలా ఉంది, మందు ఉందా అంటున్నారు" అన్నాడు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో! "సంచి ఉందని చెప్పండి" అన్నాను. ఆయన వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "పాపను నలుగురిలో ఉంచొద్దంట. సూది వేసేటప్పుడు నా గదిలోకి పంపి తలుపేయమంటున్నారు" అన్నాడు.

వచ్చిన ధైర్యమంతా మంటైపోయింది. అంత దూరం నుంచి ఫోను పట్టుకుని నువ్వు చెప్పింది దాచిపెట్టమనా?

ఆగ్నేసు ఆ మాట వింది. నా చేతులు ఖాళీగా లేవు, మీ బావకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. సూది పడితే గాని పిల్ల రాత్రి తిండి తినకూడదు. అది ఎవరినీ అడగలేదు. సంచి తెచ్చుకుని హాలు నడిమధ్యలో, లాంతరు కింద బల్ల మీద కూర్చుంది. దీపం వెలిగించి సిరంజి మరగబెట్టింది. గుమిగూడారు. ఒక పెద్దమనిషి "పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఇట్లా బయటపడితే రేపు ఎవురు చేసుకుంటారమ్మా? లోపలికి పో" అన్నాడు. మీ బావ లేచి నిలబడ్డాడు. ఆగ్నేసు తల ఎత్తలేదు. మందు ఎక్కించుకుంటూ, "ఈడ లాంతరు ఉంది తాతా. లోపల చీకటి. కొంచెం అడ్డం జరుగు, గీతలు కనపడట్లా" అంది.

ఆయన జరిగాడు. పిల్ల తొడ మీద స్పిరిట్ రుద్దుకుని, పైటకొంగు అడ్డంగా మా అత్త పట్టుకోగా, తనంతట తాను పొడుచుకుంది. మొదటిసారి, అన్నయ్యా. ఇంట్లో ఎన్నిసార్లు బతిమాలినా చేసుకోనన్న పిల్ల. మా అత్త ఆ కొంగు పట్టుకోవడానికి ఆయాసంలోనే లేచి వచ్చింది. తర్వాత అందరం జొన్నరొట్టె నానబెట్టుకుని తిన్నాము. పక్కన పసిబిడ్డ ఏడుస్తుంటే ఒక చక్కెర పొట్లం వాళ్ళకిచ్చాము.

తెల్లారాక వాగు తగ్గింది. పిడుగురాళ్ళ దాకా సున్నపురాళ్ళ లారీ, అక్కడి నుంచి గురజాల బస్సు. ఇంటికి వచ్చి చూస్తే ఇన్సులిన్ ఇంకా చల్లగా ఉంది.

నువ్వు ఫోను చేసినందుకు నీ మేలు మరవను. గదిలో పెట్టి తలుపేయమన్నందుకు నీతో మాట్లాడాలని లేదు. రెండూ నిజమే.

ఫిలోమినా


నడికుడి,
9-11-1963

ఫిలోమినాకు,

నీ ఉత్తరం ఈసారి నాకంటే ముందు మీ వదిన విప్పింది. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి అది ఆమె ఒళ్ళో ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నన్ను గూడా లోపలి గదిలోనేగా పెట్టింది నువ్వు" అంది.

ఇక నీకు చెప్పక తప్పదు. ఆమే చెప్పమంది. మీ వదిన రూతమ్మకు మూర్ఛలు వస్తాయి. మా చిన్నవాడు పుట్టిన తర్వాత మొదలయ్యాయి. మాత్రలు వాడుతోంది, తగ్గాయి గాని పోలేదు. ఒకసారి ఇక్కడి సంతలో పడిపోయింది. నేను వెళ్ళేసరికి చుట్టూ జనం. ఒకడు చేతిలో తాళాలు కుక్కుతున్నాడు, ఒకడు ముక్కు దగ్గర చెప్పు పెట్టాడు, కోక తొలిగి ఉంది. పిల్లలు నవ్వుతున్నారు. ఆ రోజే అనుకున్నాను, ఇక ఈమెను ఎవరి కంటా పడనివ్వనని. అందుకే మీ మామగారు పోయినప్పుడు రాలేదు. ఆగ్నేసు పండక్కి కొత్త చీర కట్టుకుని కూర్చుంది, నేనే ఆపాను. నీ జొన్నరొట్టె ఆమెకు చాలా ఇష్టం.

నేను చేసింది ప్రేమతోనే. అది చెప్పాను. "నీ ప్రేమ సరేలే. ఆ పిల్ల స్టేషన్ నడిమధ్యలో కూచ్చోని సూది పొడుచుకుంది. నేను సంతకు పోయి రాలేనా?" అంది.

ఆ మర్నాడే పిల్లల పాత బడి సంచి దులిపి సర్దుకోవడం మొదలెట్టింది. మాత్రలు, నీళ్ళసీసా, ఒక చీర, తల కింద పెట్టుకోవడానికి మడత దుప్పటి. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తనే రాసుకుంది. "నాకు మూర్ఛ. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో, చేతిలో ఏమీ పెట్టొద్దు. కాసేపటికి నేనే లేస్తాను." దాన్ని మెడలో జపమాలతో పాటు వేసుకుంది. నేను సెలవు పెట్టి తోడు వస్తానన్నాను. వద్దంది. ఐజాక్ గార్డుగా ఉన్న బండిలో పొమ్మన్నాను. ఎవరి బండి అయినా ఒకటేనంది.

ఇవాళ పొద్దున నేను కిటికీ తెరిచి కూర్చున్నాను. వరసలో నిలబడి వచ్చింది. కిటికీకి ఇవతల నేను, అవతల ఆమె.

"రెంటచింతలకు ఒకటి" అంది.

"ఒకటేనా?" అన్నాను.

"ఒకటే. వెనక జనం ఉన్నారు, కొయ్యి" అంది.

కోసిచ్చాను. తేదీ ముద్ర వంకరగా పడింది. బండి కదిలేటప్పుడు నా వైపు చూడలేదు. కిటికీలో నుంచి పొలాల వైపు చూస్తోంది, కొత్త పెళ్ళికూతురు లాగా.

ఈ ఉత్తరం తర్వాతి బండి తపాలా పెట్టెలో వేస్తున్నాను. ఆమె చేరగానే రాయి. ఆదివారానికి తిరిగి పంపించు. ఎండలో నడిపించకు. నిద్ర చెడితే మూర్ఛ వస్తుంది, పెందలాడే పడుకోమను. నా ప్రాణం నా దగ్గర లేదు.

జ్ఞానయ్య


రెంటచింతల,
20-11-1963

అన్నయ్యా,

వదిన చేరింది. స్టేషన్ నుంచి ఎవరినీ అడగకుండా నడిచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను ఆమె గురించి అన్న మాటలన్నీ గుర్తొచ్చి తల వంచుకున్నాను. "ముందు రొట్టె పెట్టు, తరవాత సిగ్గుపడుదువు" అంది. మూడు తిన్నది, గోంగూరతో.

నీ దగ్గర దాచను. ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు, అందరూ బయటికి వస్తుండగా పడిపోయింది. నేను నాలుగడుగులు వెనక ఉన్నాను. నేను చేరుకునేసరికి ఆగ్నేసు మోకాళ్ళ మీద కూర్చుని, వదినను పక్కకు తిప్పి, తల కింద దుప్పటి పెట్టేసింది. మెడలో అట్ట బయటికి తీసి గట్టిగా చదివింది, పూజలో పాఠం చదివినట్టు. ఒకాయన తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చాడు. మా అత్త చేతికర్ర అడ్డం పెట్టింది. "ఆ తాళాలు తీసుకుపోయి నీ ఇంటికేసుకో! చదివింది ఇనపళ్ళేదా?" అంది. మీ బావ చుట్టూ తిరిగి ఆడవాళ్ళను నాలుగు వైపులా నిలబెట్టి, తను బయటికి తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి లేచింది. ఎక్కడుందో తెలియడానికి కొంచెం పట్టింది. ముఖం తుడుచుకుని, కోక సర్దుకుని చుట్టూ చూసింది. అంతమందీ చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఇంటికి పోదాం పడుకుందువు గాని అన్నాను. కాసేపు అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగి, "ఆగ్నేసుకు రిబ్బన్లు కొనిస్తానన్నా. కొట్టు మూసేస్తారు, పదండి" అంది. నీలం రంగువి కొన్నది. బేరం కూడా ఆడింది.

ఆ సాయంత్రం మా వీధి చివర ఒకామె చాటుగా వచ్చి, తన కొడుక్కు కూడా ఇలాగే వస్తుందని, ఎవరికీ చెప్పలేదని వదినతో అంది. ఇద్దరూ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

రేపు వదిన, ఆగ్నేసు, మీ బావ మాచర్ల బండెక్కి సాగర్ ఆనకట్ట పని చూడటానికి వెళుతున్నారు. వేలమంది ఒకేసారి రాళ్ళు మోస్తారంట, ఆగ్నేసు ఆ బొమ్మ వేయాలంట. రెండు సంచులూ సర్దడం అయిపోయింది. కూచుని ఒకరి సంచి ఒకరు చూసుకుని, నాది బాగుందంటే నాది బాగుందని పోట్లాడుకుంటున్నారు.

నువ్వు రాసిన ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, ఆదివారానికి పంపించమన్న మాటతో సహా. ఆ ఆదివారం దాటిపోయింది, అన్నయ్య ఎదురు చూస్తుంటాడు అన్నాను. వదిన రిబ్బను మడత పెడుతూ,

"ఏ ఆదివారమో రాయలేదుగా" అంది.

నీ చెల్లెలు,
ఫిలోమినా